వంచక స్ఫటికము

పల్నాటి సీమను కంటితో చూడనివాడు సయితము ఆ సీమ రాళ్లను గూర్చి చెవితో వినియే యుండును. శ్రీనాథుని పేర ప్రచారములో నున్న చాటువొకటి అచ్చటి రాళ్లను, ఏటినీళ్లను, తిండిని, తేళ్లను ఒక్క త్రాట గట్టి పరిహసించినది. కవిసార్వభౌముని విసుగు ఎట్టిదైనను, పల్నాటివాడు మాత్రము నాపరాయి పరచిన వసారాలోనే పుట్టి పెరిగి, పొలము గట్టునను పశువుల కొట్టము చుట్టును నాపరాళ్లనే నిలువున పాతుకొని, పిడుగురాళ్ల బట్టీలలో కాల్చిన సున్నముతో గోడలకు వెల్లవేసికొని, ఈ డెబ్బది యేండ్లుగా అదే రాతిజాతిని సిమెంటు కర్మాగారములకు తోలి కూలి సంపాదించుకొనుచు, తన రాతిని తాను ఎన్నడును నిందించి యెరుగడు.

ఇట్టి సున్నపురాతి దేశమున నివసించుచు ఫాస్ఫేటు ఖనిజముల మచ్చుతునకలను సేకరింపబూనుట చెరకుతోటలో ఉప్పుకల్లును వెదకుట వంటిదని నా మిత్రుడొకడు ఎద్దేవా చేసినాడు. అతని మాటలో నిజము లేకపోలేదు. సున్నపురాతిలో భాస్వరము పాలు హెచ్చినచో సిమెంటు త్వరగా గట్టిపడదు. కనుక పల్నాటి రాతిలో అది తక్కువగా నుండుట కర్మాగారపు రసాయనజ్ఞునకు సంతోషము, సేకర్తకు సంతాపము. అయినను ఫాస్ఫేటు ఖనిజముల చరిత్రలో మొదటినుండియు ఒక చమత్కారమున్నది: అవి ఉన్నచోట లేనట్లును, లేనిచోట ఉన్నట్లును కనబడును.

ఈ గుణమును గుర్తించియే జర్మనీ దేశపు ఖనిజశాస్త్రజ్ఞుడు వెర్నర్ 1786లో ఈ కుటుంబమునకు పెద్దదియైన ఖనిజమునకు 'అపటైటు' అని పేరిడినాడు. మోసగించుట యను అర్థము గల గ్రీకు ధాతువునుండి ఆ పేరు పుట్టినది. అపటైటు ఒకచోట పచ్చగా నుండి మరకతమని భ్రమింపజేయును. వేరొకచోట ఊదాగా నుండి ఫ్లోరైటు అనిపించును. ఇంకొకచోట వెలవెలబోయిన పలుగురాతివలె పడియుండును. ఆరు పలకల స్తంభమువలె నిలుచు దాని స్ఫటికమును జూచి ఎందరో పూర్వులు వైడూర్యజాతి యని వ్రాసిపెట్టిరి. వంచన పల్నాటికి క్రొత్తది కాదు. కోడిపోరులో నాయకురాలు పన్నిన మాయను వీరగాథగా నేటికిని కారెంపూడి తిరునాళ్లలో పాడుచునే యున్నారు; కాని కోళ్ల మాయ ఒక్క పూటతో ముగిసినది, రాతి మాయ శాస్త్రజ్ఞులనే తరముల తరబడి త్రిప్పినది.

నేనును ఆ మాయకు లోబడినవాడనే. పదునేను సంవత్సరముల క్రిందట ఒక పట్టణమున రంగురాళ్లమ్ము వర్తకుని యొద్ద బొటనవ్రేలంత పచ్చని స్ఫటికమును 'అపటైటు' అని వ్రాసిన చీటీతో సహా కొని, దానిని జేబురుమాలులో చుట్టి, బస్సులో కిటికీ ప్రక్కన గూర్చుండి దారిపొడవునను విప్పి చూచుకొనుచు నరసరావుపేట చేరితిని. ఇంటికి వచ్చిన పిమ్మట ఉత్సాహము చల్లారి బుద్ధి మేల్కొన్నది. మోస్ అను పండితుడు 1812లో ఏర్పరచిన కాఠిన్యపు మెట్లలో అపటైటుది అయిదవ మెట్టు, ఫ్లోరైటుది నాలుగవది. అపటైటు ఫ్లోరైటును గీయును, ఫ్లోరైటు అపటైటును గీయలేదు. నా పాత పెట్టెలోని నిక్కమైన అపటైటు ముక్క మొనతో క్రొత్తదాని అడుగుభాగమున మెల్లగా గీచితిని. గీత పడినది! పొడిని తుడిచి భూతద్దముతో చూచినను గీత అక్కడనే యున్నది. దానిని ఫ్లోరైటుగా ఒప్పుకొనుటకు నాకు రెండు దినములు పట్టినది. వర్తకుడు నన్ను మోసగించెనో, తానును మోసపోయెనో అడుగుటకు నేను మరల పోలేదు.

గీతకంటెను నిశ్చయమైన పరీక్ష యొకటి గలదు. పల్నాటి బడిపిల్లలకెల్ల తెలిసిన పరీక్ష కాదది; వారిది రాతిమీద ఆమ్లపు బొట్టు వేసి బుస్సుమని పొంగుచున్నదా లేదా చూచుట, పొంగినచో సున్నపురాయి. ఆ సీమలో దాదాపు ప్రతి రాయియు పొంగును గనుక ఈ పరీక్ష అచ్చట ఏమియు చెప్పదనుటయే న్యాయము. అపటైటు పొంగదు, ఆమ్లములో నిశ్శబ్దముగా కరగిపోవును. కాని దాని ప్రక్కన ఆవగింజంత సున్నపురాయి అంటుకొని యున్నను ఆ పొంగు దీనిదే యనిపించి మరల మోసగించును. కనుక చేయవలసిన దిది: అనుమానించిన రాతిని మెత్తగా నూరి, చిటికెడు పొడిని పరీక్షనాళికలో వేసి, పలుచని నత్రికామ్లము పోసి, పొంగు పూర్తిగా అణగిన పిదప తేటను వేరొక నాళికలోనికి వంచి, దానికి అమ్మోనియం మాలిబ్డేటు ద్రావణము కలిపి, చేతితో పట్టుకొనదగినంత వెచ్చగా కాచవలెను. ఒక నిముషము ఏమియు జరుగదు. పిమ్మట నాళికలోని నీరు సన్నగా మసకబారి, ఆ మసక పసుపెక్కి, తుదకు చేమంతిరేకు వన్నె గల మెత్తని పొడి అడుగునకు దిగును. భాస్వరము ఉన్నదన్నమాట. ద్రావణమును మరగనిచ్చితిరా, ఆర్సెనిక్ కూడ అదే పసుపును చూపి మిమ్ములను మోసగింపగలదు. కనుకనే వెచ్చదనముతో ఆగవలెనని చెప్పుట. ఆమ్లముతో పని గనుక కంటికి అద్దములు, గాలియాడు గది, పెద్దల తోడు ఉండవలెను.

ఇక పల్నాటిలో ఫాస్ఫేటును మొట్టమొదట భక్తితో భద్రపరచినవారెవరని అడిగినచో, ఖనిజశాస్త్రము పుట్టుటకు పదునైదు శతాబ్దుల ముందే ఆ పని జరిగినదని చెప్పవలసి యుండును. మాచర్లకు పడమట కృష్ణ యొడ్డున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, చాంతిసిరి యను రాజస్త్రీ మహాచైత్యమును కట్టించినది. 1926లో రంగస్వామి సరస్వతి ఆ స్థలమును కనుగొన్న పిమ్మట, లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వకములు సాగించి, ఆ చైత్యగర్భమున మట్టిపాత్రలో స్తూపాకారమైన వెండి భరిణెను, దానిలో చిన్న బంగారు భరిణెను, దానిలో బఠాణిగింజంత ఎముకతునకను కనుగొనినాడు. ఆ ధాతువు పిమ్మట సారనాథములోని మూలగంధకుటీ విహారమునకు చేరినది. ఆ చైత్యమున్న లోయ నేడు నాగార్జునసాగర జలముల అడుగున నున్నది.

ఎముకకును అపటైటుకును సంబంధమేమని మీరడుగవచ్చును. ఎండిన ఎముక బరువులో మూడింట రెండు వంతులు ఖనిజమే, ఆ ఖనిజము అపటైటే. పంటిమీది పింగాణి వంటి పొరలో నూటికి తొంబదియారు పాళ్లు అదియే. ఎదిగిన మనుష్యుని దేహమున ఇంచుమించు ఏడువందల గ్రాముల భాస్వరముండగా, అందులో నూటికి ఎనుబదియైదు పాళ్లు ఎముకలలోను దంతములలోను నిలిచియుండును. చితిలో మాంసము, కొవ్వు, నరములు కాలిపోవును. ఈ కాల్షియం ఫాస్ఫేటు కాలదు. మనవారు మూడవనాడు చితిని చల్లార్చి అస్థులేరుట రసాయనశాస్త్రముతో చూచినచో అపటైటును ఏరుటయే. పేరులోనే విశేషము చూడుడు: బౌద్ధులు శరీరావశేషమును 'ధాతువు' అనిరి, మనము ఖనిజద్రవ్యమును కూడ ధాతువే యందుము. రెండర్థములును ఆ బఠాణిగింజలో కలిసినవి.

ఈ దేహాంతర ఖనిజమే పల్నాటివారికిని వారి పొరుగువారికిని చేసిన అపకారమొకటి యున్నది. అపటైటు స్ఫటికములో కాల్షియమునకును ఫాస్ఫేటునకును నడుమ సన్నని సొరంగము వంటి దారి యుండును; ఆ దారిలో ఉదజని ప్రాణవాయువుల జంట కూర్చుండవచ్చును, క్లోరిన్ కూర్చుండవచ్చును, ఫ్లోరిన్ కూర్చుండవచ్చును. ఫ్లోరిన్ ఒకసారి కూర్చుండినచో సులభముగా లేవదు. నల్లరాతి పగుళ్లలో ఊరిన బావినీటిలో ఫ్లోరిన్ హెచ్చుగా నున్న పల్లెలలో ఆ నీరు త్రాగిన బిడ్డల పండ్లు గారపట్టి, పెద్దల వెన్నును మోకాళ్లును బిగిసిపోవును. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలనుండియే ఈ వ్యాధిని గూర్చి భారతదేశమున తొలిసారిగా శాస్త్రపత్రము వెలువడినది. వినుకొండ వైపు మెట్టపల్లెలకును ఈ బాధ క్రొత్తది కాదు. సేకర్త గాజుబీరువాలో మురిసి చూచుకొను ఫ్లోరపటైటును, వృద్ధుని వంగిన వెన్నెముకలో జరిగిన మార్పును వ్రాయుటకు రసాయనశాస్త్రమునకు ఒకే సమీకరణము చాలును. ఈ సంగతి నాకు తెలిసిన నాటినుండి ఆ బీరువాలోని రాతిని చూచునపుడు మునుపటి సంతోషము కలుగుట లేదు.

అపటైటు ఇంత సామాన్యమైనచో అరుదైన ఫాస్ఫేటులన్న మాటకు అర్థమేమి? భూమిపొరలో భాస్వరము వేయింటికొక పాలు మాత్రమే. ఆ కొద్దిలో దాదాపు అంతయు అపటైటే ఆరగించును. మిగిలిన వందల జాతుల ఫాస్ఫేటు ఖనిజములు ఆ యెంగిలి మెతుకులతో బ్రతుకవలసినవి. అవి ముఖ్యముగా రెండు తావుల పుట్టును. కరగిన శిలాద్రవము చల్లారుచు చల్లారుచు, చిట్టచివర మిగిలిన అరుదైన మూలకములన్నియు ఒకచోట చేరు అభ్రకపు సిరలు ఒక తావు. గూడూరు ప్రాంతపు అభ్రకగనులవంటి వన్నమాట. లోహపు ముడిఖనిజము నేల పైభాగమున గాలికిని వాననీటికిని తగిలి చివికి మారు పొర రెండవ తావు. పల్నాటివానికి దగ్గరది రెండవది.

వినుకొండకు చేరువగా, బొల్లాపల్లి మండలములోని బండలమొట్టు కొండ సీసమునకు ప్రసిద్ధము. అగ్నిగుండాల లోహమేఖల యని భూగర్భశాస్త్రజ్ఞులు పిలుచు వరుసలో బండలమొట్టు సీసమునకును, నల్లకొండ, ధూకొండ రాగికిని పేర్కొనదగినవి. డోలమైటు రాళ్లలో నున్న సీసపు ముడిఖనిజమును, అనగా గెలీనాను, హిందుస్థాన్ జింక్ సంస్థ కొంతకాలము త్రవ్వి తీసి, ఈ శతాబ్దపు ఆరంభకాలమున గనిని మూసినది. క్రొత్తగా విరిగిన గెలీనాను చేతబట్టిన వానికి దాని బరువును, అద్దపు పలకలవలె మెట్లుమెట్లుగా మెరయు దాని ముఖములును మరువరానివి. ఇట్టి సీసపుగనులు ఏ దేశమున నున్నను, వాటి పైకప్పులో సేకర్తలు వెదకు ఫాస్ఫేటు పైరోమార్ఫైటు. గంధకముతో కూడిన సీసము గాలి తగిలి చివికినపుడు, ఎచ్చటినుండియో వాననీటితో దిగివచ్చిన కొంచెము ఫాస్ఫేటును, కొంచెము క్లోరిన్‌ను కలిసినచో పచ్చని, లేక తేనెవన్నె గల ఆరుపలకల చిన్న స్తంభములు రాతిపగుళ్లలో మొలచును. వాటి కరగనితనము అసాధారణము. కనుకనే విషపుసీసము చేరిన నేలలలో ఎముకల పొడి వంటి ఫాస్ఫేటును కలిపి, సీసమును ఈ ఖనిజరూపమున బంధించు ఉపాయమును నేటి పర్యావరణవేత్తలు కనిపెట్టిరి.

దాని పేరును ఒక చమత్కారమే. అగ్నియందు రూపము దాల్చునది యని అర్థము. ఊదుగొట్టపు మంటలో, బొగ్గుదిమ్మపై ఒక చిన్న కణమును కరగించినచో అది మొదట గుండ్రని పూసయగును. మంట తీసివేయగానే ఆ పూస గుండ్రముగనే గడ్డకట్టునని మనమనుకొందుము. కాని మన కనులయెదుటనే దానిపై ఒక పలక తేలును, పిదప ప్రక్కన మరియొకటి, క్షణములో పూస చెక్కిన రత్నమువలె ముఖములతో నిండిపోవును. ఈ ప్రయోగము సీసపు పొగతో కూడినది, ఇంటిలో చేయదగినది కాదు. ప్రయోగశాలలో ఒక ఆచార్యుని వెనుక నిలిచి ఒకసారి చూచినచో చాలును.

యురేనియమును గూర్చి ఒక మాట. మాచర్లకు చేరువనున్న కొప్పునూరు ప్రాంతమున, బనగానపల్లె పొరలలో యురేనియమున్నదని అణుఖనిజ శాఖవారు కనుగొని లోతైన బోర్లు వేసి పరిశీలించినారు. యురేనియము కూడ నేలపైభాగమున చివికి, ఫాస్ఫేటుతో కలసినపుడు ఆటునైటు అను పసుపుపచ్చని పలుచని రేకులుగా ఏర్పడును. ఫ్రాన్సులోని ఆటున్ పట్టణమునుబట్టి ఆ పేరు వచ్చినది. అతినీలలోహిత దీపము క్రింద ఆ రేకులు మిణుగురుల గుంపువలె వెలుగును. ఈ అందమును పుస్తకములోని బొమ్మతోనే తృప్తిపడి చూడవలెను. అది రేడియోధార్మికము, పైగా 1962 నాటి అణుశక్తి చట్టము ననుసరించి యురేనియము గల రాతిని ఎవరుపడిన వారు త్రవ్వితీయుటయు దాచుటయు నేరము. సంగ్రహాలయమున నుండదగిన వస్తువు ఇంటి పెట్టెలో నుండరాదు.

భీమునిపట్నపు ఇసుకలోని మోనజైటునకును అదే చట్టము వర్తించును. తుఫాను వెలిసిన మరునాటి ఉదయము ఆ తీరమున నడచినచో, కెరటము వెనుదీసిన చోట ఇసుకమీద నల్లని చారలు కనబడును. ఒక దోసెడు తీసి కొబ్బరిచిప్పలో నీటితో ఆడించినచో తెల్లయిసుక కొట్టుకొనిపోయి, ఇల్మెనైటు నలుపు, గార్నెట్టు ఎరుపు మిగులును. వాటినడుమ భూతద్దమునకు మాత్రమే తెలియు తేనెరంగు నున్నని గింజలు మోనజైటు. ఇది థోరియము, సీరియము మొదలగు అరుదైన మూలకములతో కూడిన ఫాస్ఫేటు. తిరువాన్కూరునుండి ఎగుమతియైన కొబ్బరిపీచునకు అంటిన ఇసుకలో షోంబర్గ్ అను జర్మను రసాయనజ్ఞుడు దీనిని 1909లో పసిగట్టినాడు. మన తీరపు మోనజైటును గూర్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్రశాఖను స్థాపించిన మహాదేవన్ గారును, శ్రీరామదాసు గారును 1948లో ప్రకటించిరి. గింజలను చిప్పలోనే చూచి, ఇసుకను తీరముననే వదలి రావలెను.

చట్టపు చిక్కులేని ఫాస్ఫేటు కావలెనన్నచో విశాఖ మన్యములోని కాశీపట్నపు అపటైటు కలదు. విజయనగరము వైపు కోడూరు గలదు. 1892లో మన దేశమున మాంగనీసు త్రవ్వకము మొదలైనది ఆ ప్రాంతముననే. అచ్చటి విచిత్రమైన రాతికి ఫెర్మర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ ఊరిపేరనే 'కోడూరైటు' అని నామకరణము చేసినాడు. ఆ రాతిలో గార్నెట్టు, ఫెల్‌స్పారులతో పాటు అపటైటు కూడ సహజభాగము. ఆ చుట్టుపట్ల మాంగనీసులో భాస్వరము హెచ్చని ఉక్కువారు ఫిర్యాదు చేయుటకు మూలమదియే. భాస్వరము మిగిలిన ఉక్కు చలికి పెళుసెక్కును. తెలుగునాటి ఒక పల్లె పేరు ప్రపంచపు శిలాశాస్త్రగ్రంథములకు ఎక్కినదని కోడూరువారిలో ఎందరికి తెలియునో!

సేకరించిన రాతిని కాపాడుట సేకరణకంటె కష్టము. వివియనైటు అను ఇనుపఫాస్ఫేటు బురదలోనుండి తీసినపుడు రంగులేనిదై, వెలుగు సోకినకొలది నీలమై, తుదకు నల్లబడి పగులును. దానిని నల్లగుడ్డలో చుట్టి చీకటిలో నుంచవలెను. సంగ్రహాలయములోని ఆటునైటు సయితము మన వేసవి వడగాలికి తనలోని నీటిని కోల్పోయి పొడిరాలును. ఉత్సాహముకొలది ఆమ్లముతో కడిగితిరా, మట్టితో పాటు స్ఫటికపు ముఖములును కరగిపోవును. ఫాస్ఫేటునకు వాననీరు, మెత్తని కుంచె చాలును.

కాని వీటన్నిటికంటెను నేను ఎక్కువగా చూచిన నష్టము చీటీ పోవుట. ఎక్కడ, ఎంత లోతున, ఏ సంవత్సరమున, ఏ రాతినడుమ దొరికెనో తెలియని స్ఫటికము, ఊరుపేరు చెప్పలేని తప్పిపోయిన బిడ్డ వంటిది. ముద్దు చేయవచ్చును గాని ఇల్లు చేర్చలేము. నా పద్ధతి ఇది: రాతి అడుగున గోరంత తెల్లరంగు పూసి, ఆరిన తరువాత నల్లసిరాతో ఒక అంకె వేయుదును, అదే అంకెతో గట్టి అట్టకాగితపు చీటీమీద వివరములు వ్రాసి, మరల అదే అంకెను పుస్తకములో నెక్కింతును. చీటీ చెదలు తినినను పుస్తకముండును, పుస్తకము తడిసినను రాతిమీది అంకె యుండును.

బండలమొట్టు గని మూతపడి రెండు దశాబ్దములు దాటినది. అచ్చట పనిచేసిన వారి యిండ్లలో, వినుకొండ చుట్టుపట్ల గూళ్లలోను అలమారలలోను, నాడు తెచ్చుకొన్న మెరపురాళ్లు కొన్ని మిగిలియుండవచ్చును. వాటిని గని యే అంతస్తునుండి తెచ్చినారో చెప్పగలవారు ఇప్పుడు ముదిమి మీద నున్నారు. మీ యింట అట్టి రాయి యుండినచో, దానిని అంగడికి చూపుటకు ముందు, దానిని తెచ్చిన తాతగారి ప్రక్కన ఈ సాయంకాలమే ఒక కాగితము, కలము పట్టుకొని కూర్చుండి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోతున అని అడిగి వ్రాసి ఉంచుడు.